బయలు అంటే యజమాని

నల్లగుండ్లపల్లె కిరస్తానీ పేటలో ఉపదేశిగా ఉన్న యేసన్నకు ఒక మాట మీద ఎప్పటినుంచో కడుపుమంట. ఆ మాట బయలు.

పాత నిబంధన ఎక్కడ తెరిచినా అది ఎదురొచ్చేది. ఫలానా రాజు బయలుకు మొక్కాడు, ఫలానా రాణి బయలుకు గుడి కట్టించింది, జనం దేవుణ్ణి విడిచి బయలు వెంట పోయారు. యేసన్న గొంతెత్తి చదివేవాడు. కానీ ఆ పేటలో బయలంటే వేరే. ఊరికి పడమట, కనుచూపుమేర చెట్టన్నది లేని ఎర్రనేల పేరు పెద్దబయలు. పేటలో అందరూ ఆ చేలోనే కూలి చేసుకుని బతకాలి. కోతలయ్యాక రంగులు పూసుకుని ఆడేది బయలాట. పొద్దున్నే చెంబు పట్టుకుని పోయేది బయలికి. రాజుగారు బయలు ముందర సాగిలపడ్డాడని చదివినప్పుడల్లా వెనక చాపల మీది పడుచుపిల్లలు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు.

అరవై అయిదులో వానలు మొహం చాటేశాయి. ఆషాఢం దాటిపోయినా నేల తడవలేదు. వానలు పడితే వజ్రాలు ఏరుకోవడానికి వజ్రకరూరు చేలకు ఎక్కడెక్కడి జనమో వస్తారు. ఆ ఏడు ఆ జనం కూడా రాలేదు. సమయానికి తగిన వాక్యం కదా అని యేసన్న ఒక ఆదివారం పాతకాలపు కరువు కథ ఎత్తుకున్నాడు. బయలుకు మొక్కినందుకు దేవుడు ఆకాశాన్ని మూసేశాడనీ, ప్రవక్త ఒక్కడే నిలబడి బయలు పూజారులందరినీ ఎదిరించాడనీ ఆవేశంగా చెబుతున్నాడు. ముందు వరసలో కూర్చున్న తిమ్మప్ప చెయ్యెత్తాడు. పేటలో పెద్దవాడు.

"అంటే పెద్దబయల్లో ఈతూరి చెనిక్కాయ యెయ్యగూడదంటావా అయ్యా?"

"ఆ బయలు కాదు తాతా."

"మరి యే బయలు?"

"అదొక విగ్రహం."

"విగ్రహానికి బయలని పేరు పెడతారా యెవరన్నా?" అన్నాడు తిమ్మప్ప, నిజంగానే తెలుసుకోవాలని.

ఎందుకు పెట్టారో యేసన్నకూ తెలియదు. అతను చదివిందే తక్కువ. చిన్నప్పుడు మిషన్ బడిలో నేర్చుకున్న అక్షరాలు, ఆపైన ఉపదేశుల తరగతుల్లో విన్నవి. ప్రార్థన ముగించి ఇంటికి వచ్చి తలపాగా విసిరికొట్టాడు. భార్య భద్రమ్మ దాన్ని తీసి దులిపి చిలక్కొయ్యకు తగిలించింది. ఏమైందని అడగలేదు. బయలు చదివిన ఆదివారమని ఆమెకు తెలిసిపోయింది.

ఆ నెలలోనే గుత్తిలో ఉపదేశుల తరగతి పెట్టారు. కోట కింద పాత బంగళా వరండాలో పాఠం. చెప్పేది దివాకర్ అయ్యగారు. బెంగుళూరులో పై చదువులు చదివి వచ్చినవాడు, ఆ చుట్టుపక్కల సంఘాలన్నిటికీ పెద్ద. పాఠం మధ్యలో ప్రశ్నలేమైనా ఉంటే అడగమన్నాడు. యేసన్న లేచి, బయలు అంటే ఏమిటండీ అని అడిగాడు. తోటి ఉపదేశులు నవ్వారు. దివాకర్ నవ్వలేదు.

"మంచి ప్రశ్న. మన బయలుకూ దానికీ చుట్టరికం లేదయ్యా. కనాను దేశంవాళ్ళు బాల్ అనేవాళ్ళు. తెలుగులోకి వచ్చేసరికి బయలైంది. అది మొదట పేరు కూడా కాదు, మామూలు మాట. ఇంటికి బాల్ అంటే ఇంటి యజమాని. ఎద్దుకు బాల్ అంటే ఆ ఎద్దు ఎవరిదో వాడు. ఆడమనిషికి బాల్ అంటే మొగుడు. అదే మాటను దేవుడికీ పెట్టుకున్నారు. వాళ్ళ లెక్కలో ఆయన మబ్బుల మీద స్వారీ చేస్తాడు, ఉరుము ఆయన గొంతు, వాన ఆయన చేతిది."

దివాకర్ అక్కడితో ఆపలేదు. అడిగేవాడు దొరికిన సంతోషంతో చెప్పుకుంటూ పోయాడు. ఒక్కో ఊరికి ఒక్కో బాల్ ఉండేవాడట. ఒక ఊరి దేవుడి పేరును యూదులు ఎగతాళిగా ఈగల యజమాని అని తిప్పి పలికేవాళ్ళట. బావీ కాలవా లేకుండా వాననే నమ్ముకున్న మెట్టనేలను ఆ దేశాల్లో ఇప్పటికీ బాల్ నేల అంటారట.

"అట్లయితే మన జిల్లా అంతా ఆయనదే" అన్నాడు ఒక ఉపదేశి. అందరూ నవ్వారు. ఈసారి దివాకర్ కూడా నవ్వాడు.

"చివరగా ఒకటి వినండి. పెళ్ళాం విడిచిపోయిన ప్రవక్త ఒకాయన ఉన్నాడు. ఆయన నోటితో దేవుడు తన జనానికి ఏం చెప్పించాడంటే, ఇకమీదట నన్ను యజమానీ అని పిలవొద్దు, నా మనిషీ అని పిలవండి అని. బయలు అన్న మాటే నోట రానివ్వొద్దన్నాడు. భయంతో కాదు, ప్రేమతో రమ్మని దాని అర్థం."

యేసన్నకు ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళుగా గొంతులో ముల్లులా ఉన్న మాట ఊడివచ్చినట్టయింది. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఎండిన చేలను చూస్తూ, ప్రసంగం మొత్తం లోలోపల అల్లుకున్నాడు. తిమ్మప్ప తాత మొహం ఎలా వెలుగుతుందో ఊహించుకున్నాడు.

ఆదివారం రానే వచ్చింది. యేసన్న చెప్పవలసిందంతా చెప్పాడు. బయలు చేను కాదు, బయలాట కాదు. బయలు అంటే యజమాని. జనం యజమానికి మొక్కడం మరిగి దేవుణ్ణి మరిచిపోయారు. ఆ భాషలో ఆడమనిషి మొగుణ్ణి కూడా బయలనే అంటారు. ఎద్దును ఏలినట్టు మనిషిని ఏలేవాడు బయలు. దేవుడైతే నన్ను యజమానీ అనొద్దు, నా మనిషీ అను అన్నాడు.

ఎవరూ కునికిపాట్లు పడలేదు. పడుచుపిల్లలు నవ్వలేదు. గదిలో ఎంత నిశ్శబ్దమంటే బయట మేక నెమరు వేసే చప్పుడు వినిపించింది. ఇంతకాలానికి తన మాట జనానికి ఎక్కిందని యేసన్న పొంగిపోయాడు.

ఎక్కింది. కానీ అతననుకున్న దారిలో కాదు. కన్నడదేశం పక్కనే ఉన్న సీమ అది. అక్కడి ఆడవాళ్ళు మొగుడి పేరు నోట పలకరు. మా యజమాని సంతకు పోయినాడు, మా యజమానికి జొరమొచ్చినాది అంటారు. మగవాళ్ళకు యజమాని అంటే ఒక్కడే, పెద్దబయలు ఎవరిదో ఆ నాగప్ప. ఇది యేసన్నకు తెలియక కాదు. ఆ ఉత్సాహంలో తట్టలేదంతే. అతను యజమాని అన్నప్పుడల్లా మగవాళ్ళు కిటికీలోంచి నాగప్ప మిద్దె వైపు చూశారు. ఆడవాళ్ళు మగవాళ్ళ వైపు చూశారు.

మరునాడు మధ్యాహ్నం ఓబమ్మ వచ్చింది. కుళ్ళాయప్ప పెళ్ళాం. ఎడమ కన్ను కింద కమిలి నల్లబడి ఉంది. చంకలో బట్టల మూట.

అది యేసన్నకు కొత్త కాదు. ఆమె అంతకుముందు చాలాసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా అతను కుళ్ళాయప్పను పిలిచి మందలించేవాడు, ఓబమ్మకు సహనం గురించి చెప్పేవాడు, ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి ప్రార్థన చేసి పంపేవాడు. కుళ్ళాయప్ప కొన్నాళ్ళు బుద్ధిగా ఉండి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

"మల్ల కొట్టినాడామ్మా?"

"కొట్టినాడు. దానికి రాలేదు నేను" అంది ఓబమ్మ. "నిన్న నువ్వు చెప్పింది నిజమేనా అని అడిగిపోదామని వచ్చినా."

"ఏది?"

"దేవుడే తన్ను యజమానీ అనొద్దన్నాడని."

"నిజమే. వాక్యంలో ఉండాది."

"అంత దేవుడే వద్దంటే, ఈయప్పను నేనెందుకు యజమాని అనల్ల?"

"అది వేరేమ్మా. అది దేవునికీ మనకూ ఉండే సంబంధం గురించి..."

"మొగుణ్ణి కూడా బయలంటారని నువ్వే చెప్తివి."

"చెప్పినా. ఆ భాషలో అట్ల అంటారని చెప్పినా."

"మన భాషలోనూ అట్లనే అంటాం గదా అయ్యా. అందుకే బాగా అర్థమాయ" అంది ఓబమ్మ. "నేనింక ఆ ఇంటికి పోను. ప్రార్థన గదిలో ఒక మూల పడుకుంటా."

ఆమె ప్రార్థన గది తలుపు తోసుకుని లోపలికి పోయి మూట దించింది. ఎండ తగ్గకముందే కుళ్ళాయప్ప వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. తాగని రోజుల్లో మెత్తని మనిషి. ఆ పూట తాగి లేడు, అరవనూ లేదు. అదే యేసన్నకు మరీ కష్టమైంది.

"నా పెండ్లాన్ని నా మీదికి ఎగదోసినావంట గదా అయ్యా."

"నేనెందుకు ఎగదోస్తానప్పా? నేను చెప్పింది విగ్రహాల గురించి."

"విగ్రహాల గురించే చెప్పు. మా యవ్వారం నీకెందుకు? రేపు ఆదివారం నిలబడి, మొగుడు అంటే బయలు కాదు అని చెప్పు. అది ఇంటికొస్తాది."

అతను పోయిన కాసేపటికే నాగప్ప జీతగాడు వచ్చాడు, రెడ్డి రమ్మంటున్నాడని.

నాగప్ప మిద్దె అరుగు మీద ఒరిగి ఉన్నాడు. యేసన్న వాకిట్లో నిలబడ్డాడు. కూర్చోమని అనే ఆచారం లేదు.

"ఏమప్పా యేసన్నా, యజమానుల్ని దించల్ల అంటాండావంట?"

"లేదు రెడ్డీ. పాతకాలం దేవుని పేరు అది. దానికర్థం చెప్పినా."

"యేమర్థం?"

"యజమాని."

"మరి అదే గదప్పా నేను అడిగేది" అన్నాడు నాగప్ప. గొంతు పెంచలేదు. "పొద్దున పనికి రమ్మంటే మీ పేట పిల్లోడొకడు నాతో ఏమన్న్యాడో తెల్సా? నువ్వు మాకు బయలు రెడ్డీ అన్న్యాడు. నేనేదో పొగుడుతాండాడనుకున్న్యా. తర్వాత ఎవరో ఇడమరిచి చెప్పినారు."

"వాడు తెలీక అన్న్యాడు."

"నీకు తెలుసు గదా. నువ్వు సరిజెయ్యి. సరిజేసినంకనే మా బావి కాడికి కడవలు పంపించు."

పేట వాళ్ళు బావిలోకి తాడు వేయకూడదు. కడవలు వరసగా పెట్టి దూరంగా నిలబడితే జీతగాడు తోడి పోస్తాడు. పేట బావి ఆ వేసవిలోనే ఎండిపోయింది. నాగప్ప బావి ఒక్కటే నీళ్ళు చూపిస్తోంది. మరునాడు కడవలు పెట్టుకుని ఆడవాళ్ళు మధ్యాహ్నం దాకా నిలబడ్డారు. జీతగాడు ఎద్దులకు నీళ్ళు పెట్టి, తాడు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇక పేటంతా యేసన్న మీద పడింది. ఆడవాళ్ళు ఎండిన వంక దాకా పోయి ఇసుకలో చెలమలు తవ్వి నీళ్ళు ఊరేదాకా కాపు కాసేవాళ్ళు. ఊరిన నీళ్ళు గిన్నెతో ఎత్తి గుడ్డలో వడగట్టి తెచ్చుకునేవాళ్ళు. యేసన్న వీధిలో కనబడితే మొహాలు తిప్పుకునేవాళ్ళు. తిమ్మప్ప తాత ఒక్కడు నిలబడి మాట్లాడాడు.

"నేనేదో నోరు ఊరకుండలేక అడిగితిని. నువ్వు గుత్తిదాకా పోయి అర్థం మోసుకొస్తివి. బయలంటే బయలే అని చెప్పింటే పోయేది గదయ్యా."

"అది అబద్ధం తాతా."

"అబద్ధమైనా గొంతు తడిసేది."

ఇంట్లోనూ నెమ్మది లేదు. అతను స్నానానికి నీళ్ళడిగితే భద్రమ్మ ఒక చెంబు తెచ్చి ముందు పెట్టింది. "తాగుతావో పోసుకుంటావో నీ ఇష్టం" అని లోపలికి పోయింది.

ఆ చెంబు వైపు చూస్తుంటే అతనికి కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలియదు. దేవుడి మాటకు అర్థం చెప్పాడు. ఒక్కరంటే ఒక్కరు దేవుడి గురించి ఆలోచించలేదు. ఒకడికి పెళ్ళాం, ఒకడికి పెత్తనం, ఇంకొకడికి నీళ్ళు. ఎవడికి కావలసింది వాడు ఆ మాటలోంచి లాక్కుపోయాడు. ఆ కోపంతోనే ప్రార్థన గదికి పోయి ఓబమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"నీవల్లనే ఇదంతా. ఇంతకాలం పడినదానివి, ఇంకొన్నాళ్ళు పడలేకపోయినావా? ఊరంతా నీళ్ళు లేక సస్తాంటే నువ్వు ఈడ కూచున్నావు."

ఓబమ్మ గది ఊడుస్తోంది. చీపురు ఆపింది. "నీళ్ళు ఆపింది నేను కాదు గదయ్యా" అంది. మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. యేసన్న అక్కడ నిలబడలేక బయటికి వచ్చేశాడు.

వారం చివర దివాకర్ అయ్యగారు వచ్చాడు. కబురు ఎవరు పంపారో తెలియదు. ముందు నాగప్ప మిద్దెకే పోయి, మజ్జిగ తాగి, ఆ తర్వాత పేటకు వచ్చాడు. యేసన్న ఎదురుపోయి చేతులు పట్టుకున్నంత పని చేశాడు. ఈయన చెబితే అందరూ వింటారు, అర్థం ఇదేనని రుజువవుతుంది అనుకున్నాడు.

దివాకర్ మంచం మీద కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఎంత పని చేశావయ్యా."

"మీరు చెప్పిందే చెప్పినా అయ్యగారూ. ఒక్క మాట కూడా కలపలేదు."

"తరగతిలో చెప్పింది తరగతి కోసం. అన్నీ జనానికి చెప్పాలని ఉందా? రెడ్డిగారు మన ప్రార్థన గదికి స్థలం ఇచ్చినవాడు. రేపు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతారు వీళ్ళంతా? ఆ అమ్మాయి సంగతి సరేసరి. సంఘం కాపరాలు విడదీస్తుందన్న పేరు మనకొద్దు."

"అయితే అర్థం తప్పా అయ్యగారూ?"

"అర్థం తప్పని ఎవరన్నారు?" దివాకర్ విసుక్కున్నాడు. "రేపు ఆదివారం లేచి, బయలు ఒక పాత విగ్రహం పేరు, దానికి వేరే అర్థం లేదు అని చెప్పు. రెండు నిమిషాల పని. నీళ్ళు వస్తాయి. అంతకన్నా కావలసిందేముంది?"

యేసన్న ఆయన కళ్ళలోకి చూశాడు. గుత్తి బంగళా వరండాలో మెరిసిన కళ్ళు అవేనా అనిపించింది. కానీ చావడి ముందు బోర్లించిన ఖాళీ కడవలు కూడా కనబడుతున్నాయి. సరేనన్నాడు.

ఆదివారం ప్రార్థన గది నిండిపోయింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చి గోడలకు ఆనుకుని నిలబడ్డారు. నాగప్ప జీతగాడు గడప బయట కూర్చున్నాడు. ఓబమ్మ ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో ఉంది. యేసన్న లేచి నిలబడ్డాడు. ఏ వాక్యమూ తెరవలేదు.

"బయలు అంటే పాతకాలం విగ్రహం పేరు. దానికి ఇంకే అర్థమూ లేదు. పోయిన ఆదివారం నేను చెప్పింది సరిగా చెప్పలేదు."

అందరూ ఊపిరి వదిలారు. కుళ్ళాయప్ప తల తిప్పి పెళ్ళాం వైపు చూశాడు. ఓబమ్మ యేసన్న మొహంలోకే చూస్తోంది. ఆమె లేచి, మూలనున్న మూట తీసుకుని, చాపల మధ్య నుంచి నడిచి బయటికి పోయింది. ఇంటికే పోతోందనుకుని కుళ్ళాయప్ప వెనకాలే వెళ్ళాడు. ఆమె ఇంటి సందు దాటింది. చావడి దాటింది. బస్సు రోడ్డుకు పోయే బాట పట్టింది. కుళ్ళాయప్ప కొంతదూరం పిలుస్తూ పోయి, పిలిచీ పిలిచీ నిలబడిపోయాడు.

సాయంత్రానికి కడవలు నిండాయి. పేటలో పొయ్యిలు వెలిగాయి. తిమ్మప్ప తాత కడుపునిండా నీళ్ళు తాగి యేసన్న ఇంటికి వచ్చి ఆశీర్వదించి పోయాడు. యేసన్న సంగటి ముద్దను విరవకుండానే పక్కకు జరిపాడు.

కొన్నాళ్ళకు కబురు తెలిసింది. బుక్కరాయసముద్రం చెరువు ఎండిపోతే కరువుపని కింద పూడిక తీయిస్తున్నారనీ, ఓబమ్మ అక్కడ మట్టి మోస్తోందనీ. యేసన్న భద్రమ్మకు చెప్పి బస్సెక్కాడు.

నెర్రెలు విచ్చిన చెరువు అడుగంతా చీమల బారులాగా జనం. తట్టలు నెత్తికెత్తుకుని కట్ట మీదికి పోతున్నారు, ఖాళీ తట్టలతో దిగివస్తున్నారు. చాలాసేపు వెతికాక ఓబమ్మ కనబడింది. కంటి కింద కమిలిన మచ్చ పోయింది. ఎండకు నల్లబడింది, అంతే.

"ఓబమ్మా, ఆ ఆదివారం నేను చెప్పింది..."

"తెల్సయ్యా" అంది ఆమె. తట్ట దించలేదు. "మొదుట చెప్పిందే నిజం. నీ మొగం చూస్తానే తెల్సిపోయ. దానికోసం ఇంతదూరం వస్తివా?"

యేసన్న దారిపొడవునా కూర్చుకున్న మాటలన్నీ ఎండలో ఆవిరైపోయాయి.

"వచ్చినావు గాబట్టి ఒక పని చెప్తా. చేస్తావా?"

"చెప్పమ్మా."

"మాయమ్మ నాకిచ్చిన ఇసుర్రాయి ఆ ఇంట్లో ఉండాది. ఈడ కూలికి జొన్నలిస్తాండారు. ఇసురుకునేకి రాయి ల్యా. దినామూ ఎవరినో ఒకర్ని అడుక్కోవల్ల. ఆ రాయి తెచ్చీగలవా?"

వాక్యం చెప్పమంటే చెప్పగలడు, ప్రార్థన చెయ్యమంటే చేయగలడు. ఈమె రాయి మోసుకు రమ్మంటోంది. తెస్తానన్నాడు.

మరునాడు పొద్దున అతను కుళ్ళాయప్ప ఇంటికి పోయేసరికి కుళ్ళాయప్ప వాకిట్లో తల పట్టుకుని కూర్చున్నాడు. విషయం విని లేచాడు.

"ఆ రాయి పోతే అదింక రాదు."

"రాయి ఉన్నా రాదప్పా."

"నువ్వు చెప్పినావు గదా, బయలంటే ఏమీ ల్యా అని. అందరి ముందర చెప్పినావు."

"నీళ్ళ కోసం చెప్పినా. అర్థం మొదుట చెప్పిందే" అన్నాడు యేసన్న. అతను లోపలికి పోయి రాళ్ళు రెండూ ఎత్తి గోనెసంచిలో వేసి, నెత్తికెత్తుకున్నాడు. కుళ్ళాయప్ప అడ్డురాలేదు. పొయ్యి పక్కన రాయి లేచిన చోట గుండ్రంగా మిగిలిన పిండి మరకను చూస్తూ ఉండిపోయాడు.

బస్సు రోడ్డుకు పోవాలంటే నాగప్ప మిద్దె ముందు నుంచే పోవాలి. నాగప్ప అరుగు మీదే ఉన్నాడు. పాటా ప్రసంగమూ తప్ప మోత పని ఎరగని ఉపదేశి నెత్తిన బరువుతో రావడం చూసి ఆపాడు.

"ఏమప్పా అది?"

"ఓబమ్మ ఇసుర్రాయి రెడ్డీ. ఇచ్చొస్తా."

"వాళ్ళ యజమానికి చెప్పినావా?"

మెడ నరాలు తెగిపోతున్నాయి. చెమట కళ్ళలోకి కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. ఇన్నాళ్ళూ కూడిన విసుగంతా ఒక్కసారి నోట్లోకి వచ్చింది.

"ఆయమ్మ రాయికి ఆయమ్మే యజమాని" అన్నాడు. "మల్ల నీళ్ళు ఆపల్లనుకుంటే మా ఒక్క ఇంటికి ఆపు రెడ్డీ. మాట నాది, పేటది కాదు."

అరుగు పక్కన నిలబడిన కూలీలు తలలు దించుకున్నారు. యేసన్న నడిచాడు. వెనక నుంచి ఏ పిలుపూ రాలేదు. ఆ సాయంత్రం జీతగాడు భద్రమ్మ కడవను కాలితో పక్కకు జరిపాడనీ, ఆమె కడవ ఎత్తుకుని మారుమాట లేకుండా వంకకు పోయిందనీ అతనికి తరువాత తెలిసింది.

బస్సు కండక్టరు సంచిని పైకెక్కించడానికి ఒప్పుకోలేదు. రాళ్ళు జారి ఎవరి నెత్తిన పడినా తన ఉద్యోగం పోతుందన్నాడు. చివరికి యేసన్న వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అనంతపురం చేరేసరికి తొడలు మొద్దుబారాయి. అక్కణ్ణుంచి బుక్కరాయసముద్రానికి బండి దొరకలేదు. పదడుగులకొకసారి దించుకుంటూ, తిట్టకూడని తిట్లు గొంతులోనే మింగుకుంటూ, కూలీలు వేసుకున్న బోదగడ్డి గుడిసెల దగ్గరికి చేరాడు.

ఓబమ్మ సంచి విప్పింది. కింది రాయి నేల మీద పరిచి, మీద రెండో రాయి బోర్లించి, అరచేత్తో చుట్టూ తడిమింది. ఆమె మొహం ఒక్క క్షణం మెత్తబడింది. తర్వాత సంచి తలకిందులు చేసి దులిపింది.

"పిడి యాడయ్యా?"

"పిడా?"

"తిప్పేకి కట్టె పిడి. పై రాయి బొక్కలో ఉండేది. అది ల్యాకుంటే ఎట్ల తిప్పేది?"

యేసన్న గోనెసంచిలోకి చూశాడు. మళ్ళీ చూశాడు. ఆ పిడి కుళ్ళాయప్ప ఇంట్లోనే, ఏ గోడ వారనో పడి ఉంటుంది. అతను నేల మీద కూలబడ్డాడు. రెండు చేతులతో తల పట్టుకుని, "నాతో ఒక్క పనీ నేరుగా కాదు" అన్నాడు.

ఓబమ్మ నవ్వింది. ఆమె నవ్వడం అతను చూడటం అదే మొదటిసారి. పక్క గుడిసె ఆమె దగ్గర కొడవలి అడిగి తెచ్చి, కట్ట కింద ఉన్న తుమ్మకొమ్మ ఒకటి నరికి, కూర్చుని చెక్కసాగింది. చెక్కుతూనే అంది:

"ఈడ మావాళ్ళు చానామంది ఉండారు. ఆదివారం వాక్యం చెప్పేవాళ్ళు ల్యారు. వచ్చి చెప్తావా?"

"వస్తా."

"నిజం చెప్పేట్లయితేనే రా. మద్దిలో మారిస్తే మల్ల లేసి పోతా."

అతను ఒప్పుకున్నాడో, ఒప్పుకోడానికి సిగ్గుపడ్డాడో, నేల వైపు చూస్తూ తలూపాడు. పిడి బొక్కలో బిగియలేదు. తీసి మళ్ళీ చెక్కింది. రోడ్డు మీద అనంతపురం పోయే చివరి బస్సు హారను కొట్టింది. యేసన్న లేచి పరుగెత్తాడు. మొద్దుబారిన కాళ్ళు సాగలేదు. అతను కట్ట ఎక్కేసరికి బస్సు దుమ్ములో కలిసిపోతోంది.

పొద్దు వాలుతున్నా ఎండ వేడి ఇంకా చల్లారలేదు. మెడ తిరగడం లేదు. అతను తలపాగా విప్పి మొహం తుడుచుకుని, ఈ మాటను కనిపెట్టిన కనాను వాళ్ళను, చెప్పిన దివాకర్‌ను, అడిగిన తిమ్మప్పను, అందరికంటే ఎక్కువగా తనను తాను తిట్టుకుంటూ అనంతపురం వైపు నడక మొదలుపెట్టాడు.